వాడిన నూనె సంవత్సరం

భూగోళాన్ని కాపాడే పని ఆ ఏడాదితో దాదాపు ఒక కొలిక్కి వచ్చేసిందని పచ్చ పదార్థాల ధ్రువీకరణ మండలి ప్రకటించింది. ఇంకా కాస్తో కూస్తో మిగిలిన పని ఏదైనా ఉంటే దాన్ని నివేదిక చివర అనుబంధంలో చేర్చారు. (అనుబంధం అచ్చు కాలేదు. కాగితం పొదుపు.)

ఈ మహత్కార్యంలో ఎక్కువ బరువు మోసినవాడు మండలిలో పనిచేసే ఒక తనిఖీదారు. బక్కపలచటి మనిషి. భుజాన ఎప్పుడూ ఒక గుడ్డ సంచీ, అందులో ఆకు బొమ్మ చెక్కిన ముద్ర. మొక్కల నుంచో వ్యర్థాల నుంచో తీశామని చెప్పే ఇంధనాన్నీ, అలాగే తయారైన పళ్ళేలూ బల్లలూ డబ్బాలూ వగైరాలనీ చూసి, నిజమేనని తేలితే ఆ ముద్ర వేయడం అతని పని. ముద్ర పడిన వస్తువు భూమికి మేలు చేస్తుంది. పడనిది కీడు చేస్తుంది. ముద్ర పడకముందు అదే వస్తువు ఏం చేసేదన్న విషయం మీద మండలికి ఏ అభిప్రాయమూ లేదు.

తనిఖీదారుకి ఒకటే లోపం. ఎవరికీ కాదని చెప్పలేడు. సెలూన్‌లో జుట్టు ఎంత అన్యాయంగా కత్తిరించినా అద్దంలో చూసుకుని బాగుందనేసి, ఇంటికొచ్చి టోపీ వెతుక్కునేవాడు. ఆఫీసులో అతని బల్ల బాత్రూమ్ పక్కనున్న నడవలో ఉండేది. వచ్చిన ప్రతివాళ్ళూ లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగేవారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా విసుక్కోకుండా ఉన్నారనో, లేరనో జవాబు చెబుతూనే వచ్చాడు.

ఏడాది మొదట్లో పురోగతి విభాగం డైరెక్టరమ్మ అతన్ని పిలిచి, గోడకున్న పటం చూపించింది. కిందటేడు మండలి సాధించిన పురోగతిని అందులో ఒక ఆకుపచ్చ గీతగా గీశారు. గీత ఈ చివర నుంచి ఆ చివరకి నేలబారుగా ఉంది.

"చూశారా? గురక పెడుతోంది. ఈ ఏడు దీన్ని లేపాలి" అంది డైరెక్టరమ్మ.

లేపే మార్గం కూడా ఆవిడే చెప్పింది. ఊళ్ళో తినుబండారాలు వేయించాక మిగిలిన నూనెని పోగుచేసి, శుద్ధి చేసి, బస్సులు నడపాలి. వ్యర్థంతో నడిచే బస్సు కంటే గొప్ప దృశ్యం ఏముంటుంది? గీత లేస్తే తనిఖీదారుకి సీనియర్ హోదా, కిటికీ ఉన్న గది. అతను కిటికీ గురించి ఒక్క క్షణం ఆలోచించి, అలాగేనండీ అన్నాడు.

వాడిన నూనె అనగానే అతనికి తట్టింది వాళ్ళక్క. చిన్నప్పుడే తల్లి పోతే ఆవిడే పెంచింది. బస్టాండు ఎదురుగా చిన్న కొట్టు పెట్టుకుని, బంగాళాదుంపలు సన్నగా తరిగి వేయించి పొట్లాలు కట్టి అమ్మేది. నోరు కాస్త పెద్దదే గానీ చెయ్యి మాత్రం బంగారం. ఆ కొట్టు ముందు బస్సు ఎక్కాల్సిన వాళ్ళు ఎక్కకుండా నిలబడిపోయేవారు. మూకుడులో ఎంత కావాలో అంతే నూనె పోసేది. ఇంకా అడుగున ఏమైనా మిగిలితే పక్క కొట్టు సబ్బులాయనకి ఇచ్చేసేది. ఆయన దాంతో బట్టల సబ్బు చేసి, ఈవిడకి నాలుగు బిళ్ళలు ఇచ్చేవాడు. ఇదంతా ముద్ర లేకుండానే జరిగిపోతోందని తెలిసి తనిఖీదారు మనసు చివుక్కుమంది. అక్క చేత దరఖాస్తు పెట్టించాడు.

నియమాల పుస్తకం పట్టుకుని తనిఖీకి కూడా తనే వెళ్ళాడు. వాడిన నూనె అంటే ఏమిటో నిర్ణయించడానికి మండలిలో ఒక వాడకపు ఉపసంఘం ఉంది. తేనె రంగు నుంచి తారు రంగు దాకా గళ్ళు గీసిన అట్టముక్క ఒకటి వాళ్ళు తయారుచేశారు. నూనె సగం గళ్ళు దాటి నల్లబడితేనే వాడినట్టు. అక్క నూనె తేనె దగ్గరే ఆగిపోయింది.

"ఇది పూర్తిగా వాడినట్టు కాదక్కా. ఇంకా కాచాలి" అన్నాడు మెల్లగా.

"అంతకంటే కాస్తే తిన్నవాళ్ళు మంచాన పడతార్రా."

తిన్నవాళ్ళ గురించి ఈ పట్టికలో గడి లేదని అతను వివరించాడు. నూనె రంగు ఒక్కటే కాదు, పరిమాణం కూడా చాలలేదు. కొన్నాళ్ళకి మండలి నుంచి జవాబు వచ్చింది: మీ దుకాణం తగినంత వ్యర్థాన్ని సృష్టించలేకపోతున్నందున దీన్ని పర్యావరణానికి మేలుచేసే సంస్థగా గుర్తించలేమని తెలియజేయడానికి చింతిస్తున్నాము. దాన్ని అక్కకి చదివి వినిపించాల్సిన పనీ తమ్ముడి మీదే పడింది.

"అయితే నేను భూమికి కీడు చేస్తున్నానంటావా?" అంది అక్క, చేతిలో జల్లిగరిట దించకుండానే.

"కీడు అని కాదక్కా. పురోగతి లేదంటున్నారు."

ఆవిడ తమ్ముణ్ణి ఎగాదిగా చూసి, చిక్కిపోయావంటూ ఒక పొట్లం చేతిలో పెట్టింది.

ఇదే సమయంలో రంగంలోకి దిగాడు తనిఖీదారు బావమరిది, అంటే భార్యకి తమ్ముడు. అంతకుముందు అతను ఫోన్ల కొట్టు, వ్యాయామశాల, పెంపుడు కుక్కలకి స్నానాల సెంటరు వరసగా పెట్టి, వరసగా ఎత్తేశాడు. ప్రారంభోత్సవాల్లో మాత్రం అతనికి చెయ్యి తిరిగింది. బస్సుల సంగతి బయటికి పొక్కాక, వాడిన నూనె ధర కొత్త నూనె ధరని దాటిపోయిందని ఒకరోజు పేపర్లో చదివి, అక్కడే ఆగి మళ్ళీ చదివాడు. నెల తిరక్కుండా బస్సు డిపో వెనక పెద్ద రేకుల షెడ్డు వేయించి, బయట బోర్డు పెట్టాడు: వాడుక కేంద్రం. ఇచ్చట కొత్త నూనె వాడబడును.

మొదట్లో బంగాళాదుంపలే వేయించారు. నూనె నల్లబడాలంటే దుంపలు బొగ్గయ్యే దాకా వేగాలి. వాటిని ఏం చెయ్యాలో తెలియక షెడ్డు వెనక గుట్ట పోశారు. వీధి కుక్కలు వచ్చి వాసన చూసి, తమలో తాము ఏదో అనుకుని వెళ్ళిపోయాయి. దుంపలు దండగని బావమరిదికి అనిపించింది.

తనిఖీదారు వెళ్ళేసరికి గంగాళమంత మూకుడులో నూనె సలసలా కాగుతోంది. కింద డీజిల్ పొయ్యి హోరుమంటోంది. (డీజిల్ సంగతి తనిఖీ పరిధిలోకి రాదు. పరిధి మూకుడు అంచు దగ్గర ఆగిపోతుంది.) నూనెలో పాత తలుపు నుంచి ఊడదీసిన చెక్క ఒకటి తేలుతోంది. గడియ ఇంకా దానికే ఉంది.

"ఇదేమిటయ్యా?" అన్నాడు తనిఖీదారు.

"వేపుడు, బావగారూ."

"చెక్క కదా అది."

"నూనెలో ఏదైనా ఒక పదార్థాన్ని వేయించాలని మీ పుస్తకంలో ఉంది. తినే పదార్థమని ఎక్కడుందో చూపించండి, ఇప్పుడే తీసేస్తాను."

తనిఖీదారు పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. ఎక్కడా లేదు. ఇదే చెక్కని పొద్దుటి నుంచి ఎన్ని వాయిలు వేశారని అడిగితే, మూకుడులో వేసింది తియ్యలేదని, నూనె మాత్రం మారుతోందని బావమరిది కొంచెం గర్వంగానే చెప్పాడు.

ఆ రోజు తనిఖీదారు సంచీలోంచి ముద్ర తియ్యలేదు. ఇంటికి వెళ్తే భార్య, ఇన్నాళ్ళకి తమ్ముడు కుదురుకున్నాడని, వాడి నోటి దగ్గర కూడు తీయొద్దని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాడు ఆఫీసుకొచ్చి నడవలో కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి 'కాదు' అని రాశాడు. ఈ కేంద్రంలో తలుపు చెక్కని వేయిస్తున్నారు, ఇది వాడకం కాదు, ముద్ర వేయలేను. కింద సంతకం పెట్టేసరికి ఒళ్ళు దూదిపింజలా తేలికైపోయింది. ఆ ఊపులో, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగిన గుమాస్తాని మీరే తలుపు తట్టి చూసుకోండన్నాడు.

సాయంత్రం డైరెక్టరమ్మ నుంచి పిలుపు వచ్చింది. ఉద్యోగం ఊడినట్టేనని గుండె రాయి చేసుకుని వెళ్ళాడు. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. తనకంటే కిందివాళ్ళ కోసం ఆవిడ లేవడం ఆ భవనంలో ఎవరూ చూసి ఎరగరు.

"చెక్క వేయిస్తున్నారా! ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ?"

చెక్క చెట్టు నుంచి వచ్చింది. నూనె పీల్చుకుంది కాబట్టి తడవదు, చెద పట్టదు. అంటే అది జీవపదార్థం. ఒకే మూకుడులో ఒకవైపు జీవ ఇంధనం, మరోవైపు జీవపదార్థం. ఆవిడ దానికి అక్కడికక్కడే జంట పురోగతి అని పేరు పెట్టింది. తను రాసింది అభ్యంతరమని తనిఖీదారు గొణిగాడు. ఇంత వినయం పనికిరాదని ఆవిడ మందలించి, ఆ కాగితం మీద 'ఆవిష్కరణను తొలుత గుర్తించినవారు' అని రాసి అతని పేరు చేర్చింది. అతని దగ్గర జీవితానికంతా కలిపి ఉన్నది ఒకే ఒక్క 'కాదు'. అది పొద్దున్నే ఖర్చయిపోయింది. వెళ్ళి ముద్ర వేసి వచ్చాడు. నూనెకొకటి, చెక్కకొకటి.

ఆ తర్వాత పురోగతిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. వీధికో వాడుక కేంద్రం వెలిసింది. పాత కిటికీలు, విరిగిన మంచం కోళ్ళు, చెక్క నిచ్చెనలు అన్నీ వేగిపోయాయి. డైరెక్టరమ్మ గోడ మీది గీత పటం దాటి పైకి పోతే, పైన ఇంకో కాగితం అతికించారు. అదీ చాలక సీలింగు మీద నాలుగడుగులు గీశారు. మండలి సమావేశాల గదిలో వేయించిన చెక్కతో చేసిన కొత్త బల్ల వేశారు. (సభ్యులు ఎవరూ దాని మీద చేతులు ఆన్చరు. ఆన్చినవాళ్ళ చొక్కాలు ఉతుక్కోవడానికి సబ్బు కావాలి. నూనె అందక సబ్బులాయన కొట్టు మూసేశాడు.) వాడిన నూనెతో నడిచే తొలి బస్సుకి మండలి అధ్యక్షులవారు జెండా ఊపారు. ఆ బస్సు ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడుక కేంద్రాల పొయ్యిలకి డీజిల్ పీపాలు చేరవేస్తోంది.

ఊళ్ళో మాత్రం కొత్త నూనె చుక్క దొరకడం మానేసింది. ఓడలోంచి దిగిన నూనె దిగినట్టే షెడ్డులకి పోయేది. జనం ఉడకబెట్టుకు తినడం మొదలుపెట్టారు. దీన్ని మండలి ప్రజారోగ్యంలో పురోగతిగా నమోదు చేసుకుంది.

ఒక మధ్యాహ్నం అక్క ఆఫీసుకి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. నడవలో తమ్ముడి బల్ల పక్కన నిలబడి, అతను వద్దన్నా వినకుండా కొంగుతో బల్ల తుడిచింది. కొట్టు మూసి వారమైందని, ఒక్క డబ్బా నూనె ఇప్పించగలవా అని అడిగింది. ఆవిడ అతన్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

అతను వెంటనే షెడ్డుకి పరిగెత్తాడు. బావమరిది మంచివాడే, ఒకటి కాదు రెండు డబ్బాలు పట్టుకెళ్ళమన్నాడు. కానీ షెడ్డు గేటు దాటి లోపలికి రాగానే నూనె వ్యర్థం కిందికి వచ్చేస్తుంది. వ్యర్థంతో తినుబండారాలు చేస్తే జైలు. దాంతోపాటు జరిమానా. ఆ నిబంధన చేర్చమని ఉపసంఘానికి రాసింది తనిఖీదారే, కల్తీ జరక్కూడదని. డబ్బాలు అక్కడే వదిలేసి వెనక్కి వచ్చాడు. అక్కకి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, సార్లు భోజనానికి వెళ్ళారన్నాడు. ఆవిడకి అర్థమైంది. నువ్వు తిన్నావా మరి, అని అడిగి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అతను బస్టాండుకి పోయే దారి వదిలేసి, చుట్టూ తిరిగి ఇల్లు చేరాడు.

నివేదిక అచ్చుకి వెళ్ళే రోజులు వచ్చాయి. తనిఖీదారుకి సీనియర్ హోదా ఇచ్చి, గది ఇచ్చారు. కిటికీ కూడా ఉంది. డిపో వైపు పొగ వల్ల అది తెరవడానికి వీల్లేదు. నివేదికలో అక్క కొట్టు ప్రస్తావన కూడా వచ్చింది, పేరు లేకుండా: చిన్న పొయ్యిల వల్ల కలిగే పొగ బస్టాండు ప్రాంతంలో పూర్తిగా తగ్గినది. ఆ వాక్యం రాసింది అతనే. మొదట బాధగానే రాశాడు గానీ, ప్రూఫులు దిద్దేటప్పటికి ఇందులో అబద్ధమేమీ లేదనిపించింది.

నివేదిక అట్ట మీదికి ఒక ఫోటో కావాలని, వాడుక కేంద్రంలో పనిచేసే ఆడవాళ్ళదైతే ఉపాధి కల్పన కూడా చూపించినట్టవుతుందని డైరెక్టరమ్మ అంది. ఫోటోగ్రాఫరుని వెంటబెట్టుకుని అతను బావమరిది షెడ్డుకి వెళ్ళాడు. ఈ మధ్య చెక్కలు ఒకచోట మాడి, ఒకచోట పచ్చిగా వస్తున్నాయని ఫిర్యాదులు రావడంతో, చెయ్యి తిరిగిన మనిషిని పెట్టుకున్నానని బావమరిది ముందే చెప్పాడు. ఎవరన్నది మాత్రం చెప్పలేదు.

మూకుడు ముందు, తలకి పచ్చ టోపీ పెట్టుకుని అక్క నిలబడి ఉంది. చేతిలో పారంత జల్లిగరిట.

ఫోటోగ్రాఫరు లైట్లు సర్దుకునేలోగా తమ్ముడు దగ్గరికి వెళ్ళి, ఎలా ఉందక్కా పని అని అడిగాడు.

"సుఖంగానే ఉందిరా. తొందర పెట్టేవాళ్ళు లేరు. బాలేదని తిరిగి ఇచ్చేవాళ్ళు లేరు."

తమ్ముడు మూకుడులోకి తొంగిచూశాడు. చెక్క నిజంగానే చక్కగా, ఒకే రంగులో వేగుతోంది. అక్క దాన్ని జాగ్రత్తగా పైకెత్తి, నూనె ఓడనిచ్చింది.

"ఎవరైనా తింటారా దీన్ని?"

"తినరక్కా."

"మరి ఉప్పు చల్లనా, వద్దా?"

తనిఖీదారు సంచీలోంచి నియమాల పుస్తకం తీసి వెతికాడు. ఉప్పు గురించి అందులో ఏమీ లేదు. ఉపసంఘానికి రాసి కనుక్కుంటానని, జవాబు వచ్చేదాకా చల్లొద్దని అక్కకి చెప్పాడు.