బల్లి పెంచిన డివిడెండ్

ఆ శనివారం పొద్దున్న క్లోవిస్ పినాక్ చేయవలసిన పని ఒక్కటే. చర్చి కప్పు కోసం పోగైన ఆరు లక్షల జమైకా డాలర్లు తీసుకుని మాండెవిల్ పట్టణం వెళ్లి రేకులు కొనాలి. తుఫానులకు ఇంకా మూడు నెలలుంది. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు, చర్చికి ఖజాంచీ. మొక్కజొన్న గంజి చల్లారేదాకా పేపరు తిరగేయడమే ఆయన చేసిన పొరపాటు.

అందులో షేర్ల పట్టిక ఉంది. హార్ట్‌వెల్ బన్నుల కంపెనీ షేరు ధర పది డాలర్లు, నిరుడు పంచిన డివిడెండ్ ఎనభై సెంట్లు. అంటే ఎనిమిది శాతం. పదేళ్లలో ఒక్క ఏడాదీ ఎగ్గొట్టలేదు.

"ఆగస్టులో డివిడెండ్ తీసుకుని, షేర్లు అమ్మేస్తా. రేకులతోపాటు చర్చికి గంట కూడా వస్తుంది," అన్నాడు భార్యతో.

"వానొస్తే గంట కింద నిలబడతారా?" అంది యూనిస్.

సోమవారం షేర్లు కొన్నాడు. ఆదివారం చర్చి గోడకు పాటల నంబర్లు పెట్టే బల్ల మీద, ఆఖరి పాట కింద 8 అని పెట్టి లెక్క వివరించాడు. విన్న అరవై మందీ సొంత డబ్బుతో ఎగబడ్డారు. అంతమంది ఒక్కసారి కొనేంత పెద్ద కంపెనీ కాదది. ధర ఇరవైకి ఎక్కింది. డివిడెండ్ మాత్రం ఆ ఎనభై సెంట్లే. మరుసటి ఆదివారం పినాక్ నిజాయితీగా బల్ల మీద 4 పెట్టాడు.

"బ్రదర్ పినాక్, పోయిన వారం ఎనిమిది. మిగతా నాలుగూ ఎవరి కడుపులోకి పోయాయి?" అని లేచింది చేపలమ్మే హయసింత్.

"ధర పెరిగింది సిస్టర్, అందుకే శాతం తగ్గింది."

"పోస్టాఫీసులోనూ ఇంతే. ఉత్తరం పోయింది గానీ స్టాంపు భద్రంగా ఉందనేవాడు," అన్నాడు డీకన్ లాసెల్స్. చర్చంతా నవ్వింది.

ఆ పూట అమ్మితే రెండు కప్పులొచ్చేవి. నవ్వినవాళ్లెవరికీ తట్టలేదు. దొంగ అనిపించుకున్న పినాక్‌కు అసలే తట్టలేదు. ఇంటికెళ్లి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. ధర దిగితే శాతం ఎక్కుతుంది. లెక్కలో తప్పు లేదు. తప్పంతా మనిషిలోనే ఉంది.

సంగతి విన్న హయసింత్, "ధర దించాలి, అంతేగా? అది నాకొదిలెయ్యండి," అంది.

మర్నాడు బజార్లో ఆమె తిన్న హార్ట్‌వెల్ బన్నులో బల్లి తోక వచ్చింది. బుధవారానికి బల్లి పూర్తిగా వచ్చింది. శుక్రవారానికి దానికి ప్రాణమొచ్చి, బన్ను కోయగానే అరిచింది. తాను కళ్లారా చూశానని లాసెల్స్ ఒట్టేశాడు. బల్లి పేరెత్తితే పోలీసు కూడా కుర్చీ ఎక్కే దేశం. ధర పన్నెండు, ఎనిమిది, నాలుగు.

పినాక్ బల్ల మీద 20 పెట్టాడు. తంబురిన్లు మోగాయి. హయసింత్ ఏడ్చింది. పాస్టర్ ఇరవై అయిదు కోసం ప్రార్థించాడు. ఆమెన్ అన్నవాళ్లలో, పెట్టిన డబ్బులో సగానికి పైగా పోగొట్టుకోనివాడు ఒక్కడూ లేడు.

ఆగస్టులో కంపెనీ ఉత్తరం వచ్చింది. బన్నులు అమ్ముడుపోవడం లేదు గనక ఈ ఏడు డివిడెండ్ లేదు. షేరు ఒక డాలరుకు పడింది. కప్పు డబ్బు అరవై వేలయింది.

"ఇప్పుడు శాతమెంత బ్రదర్?" అంది హయసింత్.

"సున్నా."

"బల్లి గురించి నేను చెప్పింది తక్కువైందంటారా?"

పినాక్ ఇంటికి నడిచాడు. పెరట్లో కోళ్ల షెడ్డు మీద కొత్త రేకులు మెరుస్తున్నాయి.

"ఇవెక్కడివి?"

"గుడ్ల డబ్బుతో నేనూ ఆ షేర్లు కొన్నా. ఇరవై కాగానే అమ్మేశా," అంది యూనిస్.

"శాతం నాలుగున్నప్పుడా!"

"శాతం సంగతి నాకేం తెలుసు? పెట్టిన డబ్బు రెట్టింపైంది, చాలనుకున్నా."

"నాకొక్క మాట చెప్పొద్దూ?"

"చెప్పా. అప్పుడు నువ్వు పెన్సిల్ చెక్కుకుంటున్నావు."

సెప్టెంబరు తుఫానుకు చర్చి కప్పు ఎగిరిపోయింది. సంఘమంతా ఆ షెడ్డులోనే ప్రార్థన చేసుకుంది. చోటు చాలలేదు. కోళ్లను బయటికి పంపడానికి యూనిస్ ఒప్పుకోలేదు; పినాక్‌ను పంపడానికి ఒప్పుకుంది.