మంచులో ఇరుక్కున్న సీసా

ఆ రోజు మధ్యాహ్నం ఒక్క చెంచా వైను పట్టడానికి డాక్టరు ఒప్పుకున్నాడు. పెద్దాయనకు మిగిలింది వారమేనని కూడా చెప్పాడు కాబట్టి, అందులో ఆయన ఔదార్యమేమీ లేదు. ఆ చెంచా ఏ సీసాలోదో ఇంట్లో అందరికీ తెలుసు. కూతురు పుట్టిన ఏడాదిది. ఇన్నేళ్లుగా పెద్దాయన దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. దాన్ని తండ్రికి తన చేత్తో తాగించాలని కూతురి ప్రాణం కొట్టుకుంటోంది.

ఆ పొద్దున్నే అల్లుడు వైన్ కూలర్ తలుపు తీశాడు. వెనక గోడనుంచి మంచు పేరుకుని, ఆరు సీసాలూ మెడదాకా కూరుకుపోయి ఉన్నాయి. అతను లిఫ్టు మెకానిక్. అయినా బుద్ధిగా కూలర్ మెకానిక్‌కు ఫోన్ చేశాడు.

“మంచు కరిగించే హీటరు పోయినట్టుందండీ. ప్లగ్గు తీసి ఒక రోజు వదిలెయ్యండి.”

“అంత టైము లేదు.”

“ఏం, చుట్టాలొస్తున్నారా?”

“వచ్చేశారు. ఏడవడానికి రెడీగా కూర్చున్నారు.”

ప్లగ్గు తీసి, భార్య హెయిర్ డ్రయ్యరు తెచ్చి మంచు మీదకు పెట్టాడు. రెండు నిమిషాల్లో ఫ్యూజు పోయింది. పక్కగదిలో పెద్దాయన ఆక్సిజన్ మిషను కుయ్యోమంటూ ఆగింది. ఆ కూత విని హాల్లో భార్య పిన్ని గొంతెత్తి శోకాలు మొదలుపెట్టింది.

“ఆయన ఇంకా పోలేదు పిన్నిగారూ, ఫ్యూజు పోయిందంతే!” అని అరుస్తూ అల్లుడు మెయిన్ దగ్గరికి పరుగెత్తాడు.

“ఏమండీ, నాన్నని ఇవాళే పంపించేస్తారా ఏంటి?” అంది భార్య.

కరెంటు వచ్చింది, మిషను తిరిగింది. ఈసారి అతను గిన్నెడు వేడినీళ్లు తెచ్చి పోశాడు. మంచు పెళ్లున విరిగిపడింది. నీళ్లు పోయే కన్నం మూసుకుపోయి ఉండటంతో కూలర్ అడుగు చెరువైంది. సీసాలు బయటికొచ్చాయి. లేబుళ్లు మాత్రం ఒకదాని వెంట ఒకటి ఊడి నీళ్లలో తేలాయి.

ఆరూ ఒక్కలాంటి సీసాలే. భార్య గుమ్మంలో నిలబడి, “దొరికిందా?” అంది. ఆ ముఖం చూశాక అతనికి నిజం చెప్పబుద్ధి కాలేదు. చేతికందిన సీసా బిరడా పీకి ఇచ్చేశాడు. ఆవిడ చెంచా పట్టుకుని తండ్రి మీదకు వంగాక బిరడా మీద అచ్చేసిన ఏడాది చూశాడు. ఆ ఏడాదికి ఆవిడ అప్పటికే బడికి వెళుతోంది.

పెద్దాయన చెంచా మింగి కళ్లు మూసుకున్నాడు. “ఇదేనమ్మా,” అన్నాడు. కూతురు ఏడుస్తూ నవ్వుతూ బయటికి పరుగెత్తింది.

అల్లుడు మంచం పక్కన కూలబడ్డాడు. “మామయ్యగారూ, అది కాదు. నావల్లే లేబుళ్లు పోయాయి.”

“నాకెలా తెలుస్తుందిరా? మందులు నాలుకని చంపేసి నెలైంది. నీళ్లిచ్చినా ఇదే అనేవాణ్ణి. దానికి చెప్పకు.”

పెద్దాయన ఆ శుక్రవారం పోయాడు. చుట్టాలు వెళ్లిపోయాక భార్యాభర్తలు మిగతా సీసాలు తెరిచారు. నాలుగోదాని బిరడా మీద ఆవిడ పుట్టిన ఏడాది ఉంది. అల్లుడు ఆ బిరడాను పిడికిట్లో దాచి, గ్లాసులో ఇంత పోసి ఇచ్చాడు.

భార్య ఒక గుక్క తాగి ముఖం చిట్లించింది. “ఛీ, ఇదేం బాగాలేదు. నాన్నకి పోసిందే అసలుది.”

“అవును,” అని అతను మిగిలినదంతా సింకులో పారబోశాడు.