మేడ మీద మీసాల రాక్షసుడు

మీటరయ్యగారి మాట ఇంట్లో తప్ప అన్నిచోట్లా చెల్లుతుంది. పని కరెంటాఫీసులో. ఊళ్లో మేడమేడకీ సోలార్ పలకలు పెట్టించిన ఘనుడు. సొంత అపార్టుమెంటు మేడ మీద మాత్రం ఆరేసిన బట్టలు తప్ప ఏమీ లేవు. ఆఫీసులో ఆ సంగతెత్తి ఆయన్ని ఏడిపించని వాళ్లు లేరు.

అడ్డుపుల్ల వేసింది దండెం పిన్నిగారు. మేడంతా దండేలు కట్టి ఏలుతోందావిడ. అందరూ ఒప్పుకుంటేనే పలకలొస్తాయి. అందుకే ఆదివారం మీటింగు పెట్టి, లెక్కలతో ఆవిడ నోరు మూయించాలని మీటరయ్యగారి పన్నాగం.

ఆయన భార్య డ్రాయింగు టీచరు. ఆదివారమైతే అపార్టుమెంటు పిల్లలంతా కథలకీ రంగులకీ ఆవిడ దగ్గరే.

"ఏమోయ్, నీ పిల్లల దండు మీటింగులో కనబడకూడదు. రంగులిచ్చి మేడెక్కించు."

"మేడంతా పూసేస్తారేమో!"

"పూసుకోనీ. ఎలాగూ దాని మీద పలకలు పరిచేస్తాం."

"మేమూ సూర్యుణ్ణి పట్టిన రాకుమారి కథే చెప్పుకుంటున్నాం. కావాలంటే మీటింగులో..."

"రాకుమారి కథ చెప్తే కరెంటొస్తుందటే?"

"మీ లెక్కలు చెప్తే నిద్రొస్తుందిగా. అదీ అవసరమే," అందావిడ.

ఆదివారం కింది హాల్లో ప్రొజెక్టరు, మైకు, నాలుగు ఫ్యాన్లు, అన్నీ ఒకే ప్లగ్గుకి వేలాడదీశారు మీటరయ్యగారు. అలా తగిలించొద్దని ఊరందరికీ బుద్ధి చెప్పే మనిషి ఆయనే. తెర మీద రెండో లెక్కల పటం వచ్చేసరికి వాచ్‌మన్ గురక మైకులో వినిపించింది. మూడోదానికి టప్పుమని ఫ్యూజు పోయింది.

"కరెంటాయన ఉపన్యాసానికి కరెంటే పారిపోయింది!" అంటూ పిన్నిగారు గాలి కోసం మేడెక్కింది. ఆవిడ వెనకే అందరూ ఎక్కారు.

మేడ నేలంతా పిల్లలు వేసిన బొమ్మే. ఎత్తైన కాళ్ల మీద పందిరిలా నీలం పలకలు, వాటి కింద దండేల మీద రంగురంగుల చీరలు. ఓ మూల మీసాల రాక్షసుడు, చేతిలో బెత్తం, ఎదురుగా నిద్రపోతున్న ఊరు. అందరూ ఆ మీసం చూశారు, మీటరయ్యగారి మీసం చూశారు, కిసుక్కుమన్నారు.

టీచరుగారు కథెత్తుకుంది. "ఈ రాక్షసుడు పలకలన్నీ నేల మీదే పరుస్తానన్నాడు. బట్టలెక్కడ ఆరేసుకోవాలని ఊరు గొల్లుమంది. పాపం, వాడు జన్మలో ఒక్క తువ్వాలైనా ఆరేసి ఎరగడు. అప్పుడు రాకుమారి పలకల్ని పందిరిలా పైకెత్తింది."

"అయితే వానొచ్చినా నేను మెట్లెక్కి పరిగెత్తక్కర్లేదా?" అంది పిన్నిగారు.

"అక్కర్లేదు పిన్నిగారూ. పైన ఎండ పలకలకి, కింద గాలి మీ బట్టలకి."

"ఈ ముక్క ఈయన ఇన్నాళ్లూ చెప్పడేం? నాకు ఇష్టమే! కానీ ఆ రాక్షసుణ్ణి మాత్రం చెరపకూడదు."

మీటరయ్యగారికి అవేమీ వినబడలేదు. బొమ్మ చుట్టూ తిరుగుతూ నోరు తెరిచారు. నీళ్ల ట్యాంకు నీడ బొమ్మలోని ఒక్క పలక మీద కూడా పడటంలేదు.

"నీడ పడని చోటు నీకెలా తెలిసిందోయ్?"

"పొద్దుటినుంచీ పిల్లలు నీడని తరుముతూ సుద్దముక్కతో గీతలు గీశారు. మేడెక్కించమన్నది మీరేగా!"

ఆయన గుండె పొంగిపోయింది. 'మా ఆవిడ!' అని అరవాలనిపించింది. అరిచేశారు కూడా.

పలకలొచ్చాక ఆఫీసువాళ్లంతా చూడటానికి వచ్చారు. మీటరయ్యగారు పందిరి కింద తువ్వాళ్లు దులిపి ఆరేస్తున్నారు. ఆ పని ఆ ఆదివారం నుంచీ ఆయనదే.

"గీయించింది మా ఆవిడ," అన్నారు ఛాతీ విరుచుకుని.

"మరి ఈ రాక్షసుడెవరండీ?"

ఆయన మీసం దువ్వుకున్నారు.

"నేనే. బాగా కుదిరాను కదూ?"