సిపాయి డిబ్బుల్ ముఖం

గురువారం నాటి పనంతా ఎజ్రా హేవర్‌క్యాంప్ కాఫీ చల్లారేలోగా తేల్చేసుకున్నాడు. పొద్దున ముప్పై ఆరు కార్టూన్ బొమ్మలకు రంగులు పూర్తి చేయించాలి. మధ్యాహ్నం వాటిని కెమెరా కింద పెట్టి తీయించాలి. సాయంత్రం ఐదింటికి ఫిల్మును కడగడానికి పంపాలి. శుక్రవారం పదింటికి సైన్యాధికారులు వచ్చి చూసి ముద్ర వేస్తే, పన్నెండింటికి రీలు లారీ ఎక్కుతుంది, అక్కడినుంచి ఓడ ఎక్కి పసిఫిక్ దీవులకు పోతుంది. ఈ ఓడ తప్పితే ఇంకొకటి నెల తరువాతే.

ఆ దీవుల్లో ఒకదానిమీద అతని కొడుకు లోవెల్ ఉన్నాడు. "నాన్నా, మూడు నెలలుగా ఒకటే వాన. బూట్లలో బూజు, బ్రెడ్డులో బూజు. మా దళంలో నవ్వడం అందరూ మరిచిపోయారు. మీరు చేసే బొమ్మలేవో తొందరగా పంపించండి" అని రాశాడు. ఎజ్రా ఆ ఉత్తరాన్ని బైబిల్లో పెట్టుకుని, "దేవా, యుద్ధం ఎప్పుడు ముగించాలో నీకు తెలుసు. ఈలోగా ఈ ఒక్క రీలు ఓడ ఎక్కించు" అని ప్రార్థించాడు.

"ఆయనకి చేతినిండా పనుందండీ ఇప్పుడు" అంది భార్య కోరా.

"అందుకేగా చిన్నది అడిగాను."

కాలిఫోర్నియాలోని ఆ స్టూడియో, సైనికుల కోసం యుద్ధ వార్తల రీలు ఒకటి, దాని వెనకాలే నాలుగు నిమిషాల కార్టూన్ ఒకటి తయారుచేసేది. కార్టూన్‌లో సిపాయి డిబ్బుల్ చేయకూడనివన్నీ చేస్తాడు. దోమతెరతో చేపలు పడతాడు, తుపాకీ గొట్టంలో అట్లకాడ దాస్తాడు. అతని ఇనపటోపీ ఎప్పుడూ గడ్డందాకా జారే ఉంటుంది. చివరి మూడు సెకన్లలో మాత్రం అది ఎగిరిపోయి ముఖం కనబడుతుంది. ఆ మూడు సెకన్లే ఈ ముప్పై ఆరు బొమ్మలు.

కార్టూన్లు గీసేవాళ్లందరి బల్లమీదా చిన్న అద్దం ఉంటుంది. దానిలో చూసుకుని వెక్కిరించి, ఏడ్చి, పళ్లికిలించి, ఆ ముఖాన్నే కాగితంమీదికి దింపుతారు. ఎజ్రా మాత్రం చర్చిలో పెద్ద. గంటలతరబడి తన ముఖం తాను చూసుకోవడం గర్వం కాదా అని అతని అనుమానం. అద్దాన్ని సొరుగులో బోర్లా పెట్టి, చుట్టూ తిరిగేవాళ్లను చూసి గీసేవాడు. చుట్టూ తిరిగేదేమో సైన్యాధికారులు.

తొమ్మిదింటికి రంగుల గది పెద్ద థెల్మా, బొమ్మ వేసిన సెల్యులాయిడ్ షీటు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఎజ్రా గారూ! ఈ గడ్డం ఎవరిదో చూశారా?"

"డిబ్బుల్‌ది."

"కెప్టెన్ ప్రూట్ గారిదండీ! ఆ నొక్కుతో సహా! రేపు ముద్ర వేసేదే ఆయన!"

ఎజ్రా చూశాడు. "కొట్టెయ్, తల్లీ. గడ్డం లేకుండా చేద్దాం."

ఆరుగురు అమ్మాయిలు తడిగుడ్డలతో ముప్పై ఆరు గడ్డాలు తుడిచి, కొత్త గీతలు పెట్టి, రంగు వేసేసరికి పదకొండయింది. థెల్మా మళ్లీ వచ్చింది.

"గడ్డం లేకపోతే మేజర్ బిక్స్‌లర్ గారేనండీ. ఆయనా వస్తారు రేపు."

"మీసం పెట్టు!"

పన్నెండున్నరకు ముప్పై ఆరు మీసాలు మొలిచాయి. ఈసారి థెల్మా గోడమీది ఫోటోకేసి వేలు చూపింది. అందులో కర్నల్ వాడెల్, అవే మీసాలతో, స్టూడియోకి శుభాకాంక్షలు చెబుతున్నాడు.

"ఈ సైన్యంలో ముఖాలు ఎన్నున్నాయమ్మా!"

"పైకి పోయేకొద్దీ తగ్గుతాయి లెండి. చెవులు పెంచి చూద్దామా?"

పెంచారు. చేటల్లాంటి చెవులు. రెండున్నరకు అందరూ హమ్మయ్య అనుకుని, కెమెరా గదికి షీట్లు మోసుకుపోతున్నారు. పక్క హాల్లో వార్తల రీలు పరీక్షకు వేస్తున్నారు. తలుపు తెరిచి ఉంది. తెరమీద జనరల్ గారొకరు టోపీ తీసి సైనికులకు అభివాదం చేస్తున్నారు. ఆ చెవులు చూసి థెల్మా చేతిలో షీట్లు జారినంత పనయింది.

"ముందు ఆయన టోపీ తీస్తాడు, వెనకాలే డిబ్బుల్ టోపీ ఎగురుతుంది! ఎజ్రా గారూ, రేపు ఓడ ఎక్కేది రీలు కాదు, మనం!"

ఎజ్రా తన బల్లదగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాడు. ఎదుటివాణ్ణి చూసి నవ్వమని పిలవడానికి నాకెవరు అధికారం ఇచ్చారు? అద్దంలో చూసుకోవడం గర్వమా, చూసుకోకపోవడమా? అనుకున్నాడు. గడియారం రెండూ నలభై చూపుతోంది. అతను సొరుగు లాగి అద్దం బయటికి తీశాడు. బట్టతల, గుండ్రటి ముక్కు, ముందరి పళ్ల మధ్య సందు. వీలైనంత వెర్రిగా ఇకిలించాడు.

"పట్టవమ్మా, ఇదే! ఈ ముఖం సైన్యంలో లేదు!"

అమ్మాయిలు విరగబడి నవ్వుతూనే రంగులు వేశారు. కెమెరామన్ లయనెల్ భోజనం మానేసి తీశాడు. ఐదుకు నిమిషం ఉందనగా ఫిల్ము గేటు దాటింది.

మర్నాడు అధికారులు ముగ్గురూ వచ్చారు. కెప్టెన్ ప్రూట్ భార్యను, అత్తగారిని కూడా తీసుకొచ్చాడు. టోపీ ఎగిరింది. కర్నల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మేజర్ కళ్లు తుడుచుకున్నాడు. కెప్టెన్ మాత్రం ముఖం ముడుచుకున్నాడు.

"ఇదేంటయ్యా? పోయిన వారం నీ బల్లమీద చూశాను, నా గడ్డమే కదా ఉంది!"

"పొరపాటైందండీ, తీసేశాం..."

"తీసేశారా! దీవులన్నిటికీ నా ముఖం పోతోందని ఇంట్లో చెప్పేశానయ్యా!"

"నేను ముందే అన్నాను" అంది అత్తగారు. "ఇతన్నెవరు సినిమాలో పెడతారే అని."

ఎజ్రా ముద్రకేసి, గడియారంకేసి చూశాడు. "అయ్యా, అక్కడ మా అబ్బాయి నవ్వి మూడు నెలలైందండీ" అన్నాడు.

కెప్టెన్ గడ్డం తడుముకుని, "వచ్చే రీల్లో నా గడ్డం ఉండాలి" అని ముద్ర గుద్దాడు. లారీ పన్నెండింటికి కదిలింది.

ఏడు వారాలకు లోవెల్ దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఎజ్రా వంటగదిలో నిలబడే కవరు చించి, కోరాకు పైకి చదివాడు.

"నాన్నా, మీ రీలు వచ్చింది. వానలోనే గోనెసంచులు కప్పుకుని చూశాం. టోపీ ఎగిరిన క్షణంలో మూడు వందలమంది ఒక్కసారి లేచి నిలబడి నవ్వారు. అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. తరువాత అందరూ వెనక్కి తిరిగి నాకేసి చూశారు. మీ ముక్కు, మీ పళ్ల సందు నాకే వచ్చాయని అమ్మ అంటూ ఉండేది కదా. అప్పటినుంచీ నా పేరు డిబ్బుల్. వంటవాడు నన్ను అట్లకాడ ముట్టుకోనివ్వడం లేదు. నేనూ నవ్వాను నాన్నా, వేరే దారిలేక. ఇంకోసారి వేయమని రోజూ అడుగుతున్నారు."

కోరా ఏప్రన్ అంచుతో కళ్లు ఒత్తుకుంది. "మీ ప్రార్థన విన్నాడండీ ఆయన."

"విన్నాడు" అన్నాడు ఎజ్రా, ఉత్తరం మడుస్తూ. "వివరాలు ఆయనకే వదిలేయడం మాత్రం నా తప్పు."