మెట్టకు డెల్టా వచ్చిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున రామాంజనేయులు మేష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గడ్డం గీసుకోవాలి, ఉతికిన పంచె కట్టాలి, ప్రెసిడెంటు చెంచురామయ్య గారింటికి వెళ్ళి ఓ నమస్కారం పెట్టి రావాలి. మర్నాడే బడి కమిటీ కూర్చుని కొత్త హెడ్మాస్టరు ఎవరో తేలుస్తుంది. ప్రత్తిపాడు పక్కనున్న ఆ మెట్ట ఊళ్ళో పదకొండేళ్ళుగా భూగోళం చెబుతున్న మనిషికి ఆ కుర్చీ మీద ఆశ ఉండదా మరి!

ఊళ్ళో ఆయనకు అయిదు భాషల మేష్టారని పేరు. అదెలా వచ్చిందంటే, ఓసారి క్లాసులో అట్లాసు విప్పి, "నది సముద్రంలో కలిసేచోట మేటవేసిన నేలని డెల్టా అంటారర్రా. ఇంగ్లీషువాడూ అదే అంటాడు, ఫ్రెంచివాడూ అదే అంటాడు. జర్మనీ, ఇటలీ, స్పెయిను వాళ్ళదీ అదే మాట. మన తెనాలి రైతుదీ అదే మాట" అన్నాడు. పిల్లలు ఇళ్ళకు పోయి మేష్టారికి అయిదు భాషలొచ్చని చెప్పారు. ఆయన కాదనలేదు. వెతుక్కుంటూ వచ్చిన పేరును ఎవరు మాత్రం గుమ్మంలోంచి వెళ్ళగొడతారు?

ఒక చెంప గీసి రెండో చెంపకు సబ్బు రాస్తుండగా కబురొచ్చింది, ప్రెసిడెంటుగారు ఉన్నపళంగా రమ్మంటున్నారని. సబ్బు తుడుచుకుని అలాగే పరిగెత్తాడు. పంచాయతీ ఆఫీసు ముందు సగం ఊరు ఉంది. మధ్యలో మోటారు సైకిలు, దాని పక్కన ఎండకు కందిపోయిన ఒక తెల్లదొర.

"వచ్చారా మేష్టారూ! ఈ దొర మాట ఒక్క ముక్క అర్థమయి చావట్లేదు. ఇంగ్లీషు కూడా కాదంట, కరణంగారు చూసి చేతులెత్తేశారు. మీ అయిదింట్లో ఏదో ఒకటి తియ్యండి" అన్నాడు చెంచురామయ్య.

మేష్టారు చెంప మీది సబ్బు మరోసారి తుడుచుకున్నాడు. తన దగ్గరున్నది ఒకటే మాట. దేవుడి మీద భారం వేసి, "డెల్టా" అన్నాడు.

"డెల్టా! సీ, సీ! డెల్టా!" దొర ఎగిరి గంతేసినంత పనిచేసి, ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ గడగడా ఏదో చెప్పేశాడు.

"ఏమంటాడండీ?"

తెలీదంటే కుర్చీ పోతుంది. "డెల్టా సంగతి అంటున్నాడండీ" అన్నాడు మేష్టారు. అది అబద్ధమేమీ కాదు. కానీ అన్నది ఎవరితో? తూర్పున కాలవల కింద వాళ్ళు రెండేసి పంటలు పండిస్తుంటే, మబ్బుకేసి చూస్తూ మిరపా పత్తీ వేసుకునే మెట్టవాళ్ళతో. సాగరు డ్యాముకు శంకుస్థాపన జరిగి రెండేళ్ళయింది. అప్పట్నించీ కాలవ ఎప్పుడొస్తుందా అని కళ్ళు కాయలు కాస్తున్నాయి.

"అయితే కాలవ ఇంజనీరా? మన ఊరినీ డెల్టా చేస్తాడా?"

"అయ్యుండొచ్చు" అన్నాడు మేష్టారు నీళ్ళు నములుతూ. గుంపు చివరికి చేరేసరికి 'అయ్యుండొచ్చు' కాస్తా 'అయ్యాడు' అయింది.

దొర తూర్పుకు చెయ్యి చాపి, "డెల్టా?" అన్నాడు. జనమంతా సంబరంగా, ఔనౌనంటూ తలలు అటూ ఇటూ ఊపారు. అలా ఊపితే కాదని అర్థం చేసుకునే దేశం వాడేమో, ముఖం వేలాడేసుకుని ఈసారి పడమటికి చూపించాడు. మళ్ళీ ఊపారు.

"కాలవ ఆ కొసనించి ఈ కొసకంట!" అన్నాడెవడో. అంతే, బసవమ్మ కొంగు బిగించింది. "ఆ గీతలో నా మిరపచేను ఉందిరా! కాయ ఎర్రబడే వేళ గునపం దించారంటే కాళ్ళిరగ్గొడతా!"

"నీ చేను కాదే అమ్మా, మా పత్తిచేలోంచే రమ్మందాం" అని ఇంకొకళ్ళు. సన్నాయి వచ్చింది. బంతిపూల దండ వచ్చింది. దొర మోటారు సైకిలెక్కబోతే నలుగురు పట్టుకుని దించి, అరిటాకు ముందు కూర్చోబెట్టి గోంగూర పచ్చడి వడ్డించారు. పాపం, కళ్ళనీళ్ళు కారుతుంటే, "మన మీద ఎంత ప్రేమో!" అన్నారు.

అంతటితో ఆగితే బాగుండేది. చెంచురామయ్యకు చలమయ్య అని తెనాలి పక్క వియ్యంకుడు ఒకాయన ఉన్నాడు. కలిసినప్పుడల్లా, "మీ మెట్టలో నీళ్ళంటే కుండలోవేగా బావగారూ" అని దెప్పేవాడు. 'మా ఊరూ డెల్టా అవుతోంది, కళ్ళారా చూసిపోండి' అని పొద్దున్నే ఆయనకు బస్సులో మనిషిని పంపాడు ప్రెసిడెంటు. చలమయ్య రెండింటి బస్సుకు రానే వచ్చాడు.

అదే బస్సు వెనకాలే, ఊళ్ళో జట్కా తోలే మాబు సాహెబు కూడా గుంటూరునించి దిగబడ్డాడు. యుద్ధంలో రెండేళ్ళు ఇటలీలో పనిచేసొచ్చిన మనిషి. దొరతో రెండు ముక్కలు మాట్లాడాడో లేదో, దొర అతన్ని కౌగిలించుకుని వదల్లేదు. మేష్టారు మెల్లిగా గుంపు వెనక్కి జరిగాడు.

మాబు సాహెబు ప్రెసిడెంటునీ మేష్టారినీ పక్కకు పిలిచాడు. "ఇంజనీరూ లేదు, గింజనీరూ లేదయ్యా. దేశాలు తిరిగి చూసే మనిషంట. డెల్టాకి దారెటని పొద్దున్నించీ అడుగుతున్నాడు. ఎటు చూపించినా తలకాయలు తిప్పుతున్నారంట. నన్ను పోనివ్వండి మహాప్రభో అని ఏడుస్తున్నాడు."

అయిపోయింది. కుర్చీ పోయింది, పరువూ పోయింది. ఇక దాచి లాభం లేదనిపించింది మేష్టారికి. సిగ్గుతో చచ్చిపోతూ, "ప్రెసిడెంటుగారూ, అసలు నాకు..." అన్నాడు.

"ఏమంటున్నాడు బావగారూ మీ ఇంజనీరు?" చలమయ్య దగ్గరికే వచ్చేశాడు.

చెంచురామయ్య మేష్టారి కాలు గట్టిగా తొక్కాడు. "మీరే చెప్పండి మేష్టారూ, మా ఊరి హెడ్మాస్టరు మీరేగా! మా బావగారికి వివరంగా చెప్పండి."

మేష్టారు గీసిన చెంప చలమయ్య వైపు తిప్పి గొంతు సవరించుకున్నాడు. "ముందు మీ డెల్టా చూస్తారటండీ. అక్కడి నీళ్ళు మాకెంత ఇవ్వొచ్చో ఆ తర్వాత తేలుస్తారట."

చలమయ్య ముఖం పాలిపోయింది. "మా నీళ్ళా? అయితే మా ఇంటికే తీసుకెళతాను, నేను మాట్లాడతాను" అంటూ పై కండువా నడుముకు చుట్టి మోటారు సైకిలు వెనక ఎక్కి, దొర భుజం తట్టి తూర్పుకు చెయ్యి చూపించి, "డెల్టా!" అని కేకేశాడు. దొర ముఖం వెలిగిపోయింది.

మొత్తానికి దొర డెల్టా చేరాడు. మెట్టకు నీళ్ళివ్వనని మాటిచ్చేదాకా అక్కడ చలమయ్య నాలుగు రోజులు అరిసెలు పెట్టి ఆయన్ని కదలనివ్వలేదట.