పతనం లేని మార్కెట్

తన హయాంలో షేర్ మార్కెట్ పతనమయ్యే ప్రసక్తే లేదని మంత్రిగారు ప్రకటించారు. ఆ ప్రకటన టైపు చేసే భాగ్యం స్టెనోనైన నాకు దక్కింది.

ఎవరుపడితే వాళ్ళు మార్కెట్‌ను ఆడిపోసుకోకుండా మంత్రిగారే కొలతలు పెట్టారు. ఐదు శాతం పడితే విశ్రాంతి. పది పడితే సవరణ. ఇరవై పడితేనే పతనం. పతనమైన రోజున దరఖాస్తు పెట్టుకుంటే చిన్న మదుపరుల నష్టంలో సగం ప్రభుత్వమే భరిస్తుంది. అంత పెద్ద మనసు ఇంకెవరికుంటుంది?

మా అటెండర్ బాబాయ్ ఆ మాట నమ్మి పీఎఫ్ డబ్బంతా తీసి షేర్లలో పోశాడు. త్వరలో రిటైరై సైకిల్ షాపు పెట్టుకోవాలని ఆయన ఆశ. నెల తిరిగేసరికి మార్కెట్ ముప్పై శాతం దిగింది. బాబాయ్ దరఖాస్తు నింపుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ముప్పై పడింది కదా బాబూ, ఇది పతనం కిందికొస్తుందా?"

వెళ్ళి డైరెక్టరుగారిని అడిగాను.

"ఎక్కణ్ణించి ముప్పై?" అన్నారాయన.

"శిఖరం నుంచి సార్."

"శిఖరం నుంచి కొలవమని ఎవరన్నారు? రూల్ చదవవయ్యా. నిన్నటి నుంచి కొలవాలి. నిన్నటికీ ఇవాళ్టికీ ఒకటిన్నర. విశ్రాంతి కూడా కాదు."

"రోజూ ఒకటిన్నర పడుతోంది కదా సార్?"

"దాన్ని క్రమశిక్షణ అంటారు."

నాకు ఒళ్ళు పులకరించింది. బాబాయ్‌కి చెబితే పులకరించలేదు. ఆ ముఖం చూసి నాకు మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఇంతలో ఆ క్రమశిక్షణ మంత్రిగారి బావమరిదికీ తగిలింది. ఇంట్లో అందరికంటే చిన్నవాడు కాబట్టి ఆయనా చిన్న మదుపరే. మర్నాడు పొద్దున్నే మంత్రిగారు నన్ను పిలిచి డిక్టేషన్ ఇచ్చారు.

"నేడు పదకొండు నుంచి పదకొండుంబావు వరకు శిఖరం నుంచి కొలవవలెను. ఆ పావుగంటను పతనంగా పరిగణించవలెను."

"నోటీసు బోర్డులో ఎప్పుడు పెట్టమంటారు సార్?"

"పన్నెండింటికి. తొందరేముంది?"

పథకం దిగ్విజయమైంది. వచ్చిన దరఖాస్తు ఒకటి, మంజూరైంది ఒకటి. నూటికి నూరు శాతం. పత్రికలవాళ్ళకి ఆ మాటే టైపు చేసి పంపాను.

పన్నెండింటికి నోటీసు అతికించడానికి బాబాయ్‌నే పిలిచాను. అతికించి, కళ్ళజోడు పెట్టుకుని, నిదానంగా రెండుసార్లు చదివాడు.

"పదకొండింటికి నేనెక్కడున్నాను బాబూ?"

"డైరెక్టరుగారి గదిలో బాబాయ్. బావమరిదిగారి దరఖాస్తు కవరు అందిస్తున్నావు."