ఒక మలేరియా దోమ కావలెను

కృష్ణా డెల్టాలో మలేరియా దోమ ఒక్కటి కూడా లేదన్న భయంకరమైన నిజం సోమవారం ఉదయం విజయవాడలో బయటపడింది.

వార్త వినగానే దోమల విస్తృతి పరిశీలనా విభాగంలో ఫ్యాను తప్ప అన్నీ ఆగిపోయాయి. ఈ విభాగం ఏలూరు కాలువ పక్క వీధిలో, పద్మావతమ్మ గారి మేడ మీద అద్దెకుంటోంది. (మొదట్లో బోర్డు మీద ‘దోమల పంపిణీ’ అని రాయించారు. రేషన్ కార్డులు పట్టుకుని జనం వస్తుంటే మార్పించారు.) మలేరియా దోమ ఎక్కడెక్కడ ఉందో వెతకడం, ఉన్నచోట లేకుండా చేయడం, జ్వరం వచ్చినవాళ్ల రక్తం పరీక్షించడం దీని పని. ఆ పని బాగా జరిగింది. అదే కొంప ముంచింది.

దోమ లేని చోట దోమల ఆఫీసు దండగ అని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నెలాఖరులోగా ఒక్క మలేరియా దోమనైనా చూపించాలి. లేకపోతే విభాగం రద్దు. పర్మనెంటు వాళ్లకు బదిలీ. కాంట్రాక్టు వాళ్లకు ధన్యవాదాలు.

అంటే అధికారి సంజీవరావుకు బదిలీ, దోమలు పట్టే క్రిస్టినాకు ధన్యవాదాలు.

వేట మొదలైంది. జీపు చల్లపల్లి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. పామర్రు చేల గట్ల మీద క్రిస్టినా నడుం వంచి గరిటెతో నీళ్లు తోడి చూస్తుంటే రైతు హనుమయ్య ఆదుకోబోయాడు.

“దోమలా? ఎన్ని కావాలమ్మా? సాయంత్రం మా గొడ్లపాక దగ్గరికి రండి. సంచి తెచ్చుకోండి.”

“ఆ రకం కాదండీ. మలేరియాది కావాలి. తోక పైకెత్తి వాలుద్ది.”

“కుట్టేటప్పుడు తోకెవరు చూస్తారమ్మా? కొడతాం గానీ!”

దొరికినా చాలదు. దాన్ని ‘దోమసాక్షి’ యాప్‌లో ఎక్కించాలి. ప్రాణంతో ఉన్నట్టు రుజువుగా దోమ కెమెరా ముందు ఒకసారి రెక్క ఆడించాలి. (పెన్షన్ తీసుకునేవారికి ఈ పద్ధతి కొత్త కాదు.) సిగ్నల్ లేని చోట పట్టిన దోమను సిగ్నల్ ఉన్న చోటికి తెచ్చి ఫొటో తీస్తే అది వలస దోమ కింద లెక్క. చెల్లదు.

గడువు ముంచుకొస్తుండగా ఒక మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తిని చేతులు కడుక్కుంటోంది క్రిస్టినా. కుళాయిలోంచి ఏదో జారి గిన్నెలో పడింది. దోమ లార్వా. మామూలు దానిలా తలకిందులుగా వేలాడలేదు. నీటి మీద అడ్డంగా, పడుకున్నట్టు తేలింది. క్రిస్టినా డాబా మీది మంచినీళ్ల ట్యాంకు దగ్గరికి పరుగెత్తింది. నీళ్ల నిండా అవే.

“సార్! మనదే సార్! మలేరియాదే!”

సంజీవరావు అప్పటికప్పుడు పూతరేకులు తెప్పించాడు. మలేరియా దోమ పుట్టిందని మిఠాయిలు పంచిన ఆఫీసు అంతకుముందు ఉండి ఉండదు.

ఆనందం ఒక్క పూటే నిలిచింది. డెల్టా అంతా గాలించినా కనపడని దోమ సరిగ్గా మలేరియా ఆఫీసు ట్యాంకులోనే ఎలా పుట్టింది? తేల్చడానికి విజిలెన్స్ అధికారి ఛాయాదేవి దిగింది.

ముందు ఆ దోమ ఎవరిదో తేలాలి. ట్యాంకు పద్మావతమ్మ గారిది, నీళ్లు కుళాయివి, వాడకం ప్రభుత్వానిది. యాప్‌లో ఇల్లు, దుకాణం, పాక ఉన్నాయి. ప్రభుత్వ కార్యాలయం లేదు. (అక్కడ దోమ పుట్టదని తయారుచేసినవారి నమ్మకం.) చర్చించి, ఉమ్మడి దోమగా నిర్ణయించారు.

తర్వాత నేరం. ట్యాంకు మూత తీసి ఉంది. మూత మీద బరువుకు పెట్టిన రాయి పక్కన ఒద్దికగా ఉంది. లార్వాలను తినడానికి క్రిస్టినా వదిలిన గంబూషియా చేపలు మాయం.

“పిల్లేమోనండీ,” అన్నాడు సంజీవరావు.

“రాయి దించి, మూత తీసి, చేపలు తిని వెళ్లిందా? చెయ్యి కూడా కడుక్కుందా?”

ఛాయాదేవి చూపు క్రిస్టినా మీద ఆగింది. దోమ దొరికితే ఎవరి ఉద్యోగం నిలుస్తుంది? ట్యాంకులో ఏ దోమ పుడుతుందో ఎవరికి తెలుసు?

“నేనెందుకు చేస్తానండీ? ఆ మూత పెట్టించడానికి కింద పద్మావతమ్మ పిన్నిగారితో ఎంత పోట్లాడానో అడగండి!”

“మూత విలువ తెలిసినవాళ్లే తీస్తారు.”

“ట్యాంకులో పెంచేదాన్నైతే పామర్రు బురదలో ఎందుకు దిగుతానండీ?”

సంజీవరావు గొంతు సవరించుకున్నాడు. “ఒప్పేసుకోమ్మా. దోమ నిజమేగా, విభాగం నిలబడుద్ది. నీ పేరు రోజూ తల్చుకుంటాం.”

కాంట్రాక్టు ఉద్యోగిని సస్పెండు చేయడానికి నిబంధన లేదు. ఇంటికి పంపడానికి మాత్రం అడ్డు లేదు. ఉత్తర్వు టైపయింది. ఛాయాదేవి పెన్ను మూత తీసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. పద్మావతమ్మ గారు ఆయాసపడుతూ వచ్చి, చేతిలోని గాజు సీసా బల్ల మీద పెట్టింది. సీసాలో గంబూషియా చేపలు హాయిగా ఈదుతున్నాయి.

“ఆ పిల్లని వదిలెయ్యండి. మూత తీసింది నేను.”

“పిన్నిగారూ!” అంది క్రిస్టినా.

“నువ్వుండమ్మాయ్. ఆ దోమ మురుక్కాలవలో కాదు, మంచినీళ్లలో పుడుద్దని నా దగ్గర కాఫీ తాగుతూ నువ్వే చెప్పావుగా. మూత పెట్టుకోడానికి చెప్పావు. నాకు తీసుకోడానికి పనికొచ్చింది.”

“ఎందుకు చేశారు?” అంది ఛాయాదేవి.

“చిన్నప్పుడు చల్లపల్లిలో నాకు చలిజ్వరం వచ్చిందండీ. ఇంట్లో దుప్పట్లన్నీ కప్పి, అవీ చాలక మా అన్నయ్యని నా మీద కూర్చోబెట్టేవారు. వాడూ నాతోపాటు ఊగేవాడు. మీ ఆఫీసు పెట్టాకే మా వీధిలో కాలవ తీస్తున్నారు, పొగ కొడుతున్నారు. ఎవరికి ఒళ్లు వెచ్చబడినా పైకొచ్చి రక్తం చూపించుకుంటున్నాం. ఇప్పుడు జ్వరం పోయిందని మిమ్మల్నే తీసేస్తామంటున్నారు. మీరు పోతే అది రాదా? అందుకే, దోమలు రాకూడదనే నాలుగు దోమల్ని పెంచానండీ.”

“వాటివల్ల ఎవరికైనా మలేరియా వస్తే? బాధ్యత ఎవరిది?”

“ఇప్పుడొస్తే మేడెక్కుతాం, మీరున్నారు. మీరు వెళ్లిపోయాక వస్తే ఎవరి మేడెక్కాలో, అది కూడా ఆ ఉత్తర్వులో రాసి సంతకం పెట్టండి.”